తప్పు చెప్పుకోగల ఆస్పత్రి

మొన్నామధ్య ఒక పాత మిత్రుడు కుమార్తెను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. ఆ అమ్మాయి ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో పట్టా పుచ్చుకొని, నంద్యాలలో సొంతంగా ఆస్పత్రి తెరిచే ప్రయత్నంలో ఉన్నది. "మీరు ఇన్నేళ్ళు నడిపారు కదా, నాలుగు మంచి మాటలు చెప్పండి" అన్నారు మిత్రుడు. ఏ యంత్రాలు కొనాలి, మందులు ఎక్కడ తెప్పించాలి, అద్దె ఎంతదాకా ఇవ్వవచ్చు అంటూ అమ్మాయి ఒక కాగితం నిండా ప్రశ్నలు రాసుకొని వచ్చింది. తోచినవన్నీ చెప్పాను. వారు వెళ్ళిపోయిన తరువాత తట్టింది, ఆ కాగితంలో ఒక ప్రశ్న లేదని. తన దగ్గర పనిచెయ్యబోయే నలుగురు మనుషులతో ఎట్లా మెలగాలన్న ప్రశ్న అది. నేను తిరుపతిలో చదువుకొన్న రోజుల్లో నాకూ ఆ ప్రశ్న పుట్టలేదు. ఐదేళ్ళకు పైగా పశువుల ఒళ్ళు చదివాము గాని, పశువును పట్టుకొనే మనిషి గురించి మాకెవరూ ఒక గంట పాఠం చెప్పలేదు. ఆ పాఠం నేను ఆలస్యంగా, ఇతరుల నష్టంతో నేర్చుకొన్నాను. అందుకే ఈ టపా.

మాది నంద్యాలలో చిన్న ఆస్పత్రి. నేను కాక ఒక డిప్లొమా చదివిన సహాయకుడు, ఒక అటెండరు, చీటీలు రాసే అబ్బాయి ఉండేవారు. నలభై కిలోమీటర్ల దూరంలోని ఆళ్ళగడ్డలో ఒక గది అద్దెకు తీసుకొని వారానికి మూడు రోజులు తెరిచేవాళ్ళం. ఆ గది బాధ్యత సహాయకుడిది. చురుకైన కుర్రవాడు, చేతివాటం మంచిది. రైతులు నాకంటే అతన్నే ఎక్కువగా అడిగేవారు.

2011 జనవరిలో ఒకనాడు అతను నంద్యాలలో నా బల్ల దగ్గరకు వచ్చి, గొర్రెల పారుడు వ్యాధి టీకా సీసాలు రెండు ముందురోజు సాయంత్రం ఐసు పెట్టెలో పెట్టడం మరిచిపోయానని చెప్పాడు. తనంతట తానే వచ్చి చెప్పాడు. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండకపోతే పనికిరావు. ఆ సీసాలు పారవెయ్యవలసినవే, పారవేశాము. అంతటితో ఆగవలసినవాణ్ణి, గదినిండా రైతులున్నారన్న ఎరుక కూడా లేకుండా అతన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. నెలాఖరున జీతంలో కోత పెట్టాను. క్రమశిక్షణ నేర్పుతున్నాననుకొన్నాను.

ఆ ఏడు శివరాత్రి మార్చి 2న వచ్చింది. మహానంది తిరునాళ్ళు, బండలాగుడు పోటీల సంబరంలో మా ఆళ్ళగడ్డ గది వారం రోజులు మూతపడింది. కృత్రిమ గర్భధారణకు వాడే వీర్యపు స్ట్రాలు ద్రవ నత్రజనిలో, మైనస్ 196 డిగ్రీల చలిలో ఉండాలి. ఆ నత్రజని నీళ్ళలాగా కూర్చొని ఉండదు, రోజూ కొంత ఆవిరైపోతూనే ఉంటుంది. కంటైనరులో కొలత పుల్ల దించి, దానిమీద పట్టిన మంచును బట్టి ఎంత మిగిలిందో చూసుకొని, తగ్గకముందే నింపుకోవాలి. ఒకసారి అడుగంటితే స్ట్రాలలోని జీవం పోతుంది. తరువాత ఎంత నింపినా తిరిగి రాదు. విచిత్రమేమంటే, చచ్చిన స్ట్రాకూ బతికిన స్ట్రాకూ పైకి తేడా ఉండదు. సూక్ష్మదర్శిని కింద పెడితేనే తెలుస్తుంది.

పండుగ తరువాత తలుపు తీసి పుల్ల దించితే దానికి మంచు పట్టలేదు. మా సహాయకుడు ఎప్పటిలాగే నత్రజని నింపించి ఊరుకొన్నాడు. నాకు చెప్పలేదు. ఎట్లా చెబుతాడు? చెబితే ఏమవుతుందో జనవరిలో నేనే నేర్పాను.

ఆ స్ట్రాలతో తొమ్మిది పశువులకు ఎద సూదులు వేశాము. ఆవైనా, ఎనుమైనా చూడి నిలవకపోతే సుమారు 21 రోజులకు మళ్ళీ ఎదకు వస్తుంది. అంటే మా తప్పు మాకు కనిపించడానికే మూడు వారాలు పట్టింది. అదీ మా ఆస్పత్రిలో కాదు, రైతుల కొట్టాలలో. ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. వారిలో ఒకే ఒక్క ఎనుము ఆధారంగా బతుకుతున్న ఒక అవ్వ ఉన్నది. "మళ్ళీ ఎదకొచ్చిండాది సారూ" అన్నది. "ఒక్కోసారి నిలవదులే అవ్వా" అని చెప్పి, అవే స్ట్రాలతో రెండోసారి సూది వేయించాను. ఏప్రిల్ నడుమ ఆమె మూడోసారి వచ్చినప్పుడు గాని నాకు అనుమానం రాలేదు. ఒక స్ట్రాను 37 డిగ్రీల వెచ్చని నీటిలో అర నిమిషం ఉంచి, గాజు పలక మీద చుక్కవేసి చూశాను. కదలిక లేదు. ఇంకొకటి చూశాను. అందులోనూ లేదు.

అప్పటికి ఎండలు ముదిరాయి. ఎండాకాలంలో ఎనుములకు మూగ ఎద. లోపల ఎదకు వచ్చినా అరవదు, పైకి తెలియదు. అవ్వ ఎనుము మళ్ళీ కట్టింది వానలు పడ్డాక ఆగస్టులో. ఎనుము చూడి కాలం పది నెలల పైచిలుకు. సంక్రాంతి నాటికి ఈనవలసింది, మరుసటి ఏడు జూన్‌లో ఈనింది. ఐదు నెలల పాడి ఆ ఇంట లేకుండా పోయింది. ఆ తొమ్మిది మందికీ సూది డబ్బులు తిరిగి ఇచ్చాను. పాల డబ్బులు ఇవ్వలేదు. ఇవ్వవలసిందేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఎవరు చేశారని అడిగితే ఆనాడు ఎవరూ నోరు విప్పలేదు. రెండు నెలల తరువాత సహాయకుడు వేరే ఉద్యోగం చూసుకొని వెళ్ళిపోయాడు. ఏడాది గడిచాక ఒక పెళ్ళిలో కలిసి, తనే జరిగిందంతా చెప్పాడు. "జనవరిలో చెప్పినందుకు అట్లయింది కదా సార్, మళ్ళీ చెప్పే ధైర్యం చాల్లేదు" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. పండుగ వారంలో నత్రజని చూసే ఏర్పాటు చెయ్యకపోవడం యజమానిగా నా తప్పు. ఆ తప్పు బయటపడే దారిని ముందుగానే మూసెయ్యడం అంతకంటె పెద్ద తప్పు. మొదటి రోజే అతను చెప్పి ఉంటే కొన్ని స్ట్రాలు పోయేవి, అంతే.

ఆ రోజుల్లోనే ఆళ్ళగడ్డలో విగ్రహాలు చెక్కే ఒక పెద్దాయన తన ఆవును చూపించడానికి వచ్చేవారు. ఆళ్ళగడ్డ శిల్పుల పనితనం సంగతి మీకు తెలిసిందే. మాటల్లో ఈ సంగతి చెప్పుకొని బాధపడ్డాను. ఆయన అన్నారు: "రాతిలో బీట కనిపించిందని వచ్చి చెప్పిన పిల్లవాణ్ణి మేము కొట్టం సార్. కొడితే రెండోసారి చెప్పడు. ఆ రాతిమీద మూడు నెలలు పనిచేసి, ప్రతిష్ఠకు ముందు తల పట్టుకోవాల్సి వస్తుంది."

నా అభిప్రాయమంతా ఈ మాటలోనే ఉన్నది. అన్ని పనుల్లోనూ తప్పులు జరుగుతాయి. కాని పశువుల ఆస్పత్రిలో జరిగే తప్పు వెంటనే కనిపించదు. చల్లదనం తప్పిన టీకా వేసిన రోజున గొర్రె బాగానే ఉంటుంది, పారుడు వచ్చిననాడు మంద పోతుంది. రోగి నోరులేనిది, తనకేం జరిగిందో చెప్పలేదు. చెప్పగలిగినవాడు మా అటెండరో, సహాయకుడో మాత్రమే. వాడి నోరు కూడా మూయిస్తే ఇక ఆ ఆస్పత్రిలో నిజం చెప్పేవారు ఎవరూ మిగలరు.

చట్టం కూడా ఈ బాధ్యతను డాక్టరు మీదనే పెట్టింది. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం 30వ సెక్షన్ ప్రకారం పశువైద్యం చెయ్యవలసింది నమోదైన వైద్యుడే. డిప్లొమా చదివినవారు, రాష్ట్ర ప్రభుత్వ అనుమతి ఉన్నచోట, చిన్నపాటి సేవలు చెయ్యవచ్చు గాని, అవి నమోదైన వైద్యుని పర్యవేక్షణలో, నిర్దేశంలో జరగాలి. మనలో చాలామందికి పర్యవేక్షణ అంటే రిజిస్టరు మీద సంతకం, నిర్దేశం అంటే కేక. పైగా ఇప్పుడు సిబ్బంది ఒకే కప్పు కింద లేరు. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు మొదలైనప్పటినుంచి పశుసంవర్ధక సహాయకులు ఊళ్ళలో పనిచేస్తున్నారు. 2022లో 1962 నంబరుతో సంచార పశువైద్య వాహనాలు రోడ్డెక్కాయి. కంటికి ఎదురుగా లేని మనిషిని భయపెట్టి పనిచేయించలేము. ఫోను చేసి "సార్, ఇట్లా జరిగింది" అని చెప్పగల చనువు అతనికి ఉండాలి.

"అందరినీ క్షమించుకుంటూ పోతే ఆస్పత్రి సత్రమవుతుంది" అని తోటి డాక్టరొకరు నాతో వాదించారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. నేను ఇప్పటికీ మూడింటిని క్షమించను: పశువును కొట్టడం, రైతు దగ్గర చాటుగా డబ్బు తీసుకోవడం, రిజిస్టరులో అబద్ధం రాయడం. ఇవి తెలిసి చేసేవి. మరిచిపోవడం, చెయ్యి జారడం, తెలియకపోవడం వేరు. ఈ రెండింటికీ ఒకే శిక్ష వేసే యజమాని దగ్గర, మరిచిపోయినవాడు కూడా కొన్నాళ్ళకు అబద్ధం రాయడం నేర్చుకొంటాడు.

ఆ తరువాత నేను చేసిన మార్పులు చిన్నవి. గోడకు ఒక నోటుపుస్తకం వేలాడదీశాను. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఏం చేశాము అన్నవే అందులో గళ్ళు. ఎవరు చేశారన్న గడి లేదు. మొదటి పేజీలో నా తప్పే రాశాను: ఒక ఆవుకు పాల జ్వరాన్ని ఆలస్యంగా గుర్తించిన సంగతి. నెల రోజులు ఇంకెవరూ ఏమీ రాయలేదు. తరువాత అటెండరు రాయించాడు, తనకు చదువు రాదు గనుక చీటీల అబ్బాయి చేత. కంటైనరు కొలతకు వారం వారం పేరు వేసి, పండుగ సెలవులకు విడిగా వంతు పెట్టాము. మందలించవలసి వస్తే తలుపు వేసి మందలించాను.

ఇంకొక సంగతి. ఈసుడు రోగమున్న ఆవు ఈడ్చుకుపోయినప్పుడు, మాయ తీసేవాడికి ఆ రోగం అంటుకొంటుంది. దూడలకు వేసే ఆ రోగపు టీకా కూడా బతికిన క్రిములతో చేసినదే, సూది పొరపాటున మన చేతికి గుచ్చుకొంటే ప్రమాదం. అట్లాంటి పనికి అటెండరును వట్టి చేతులతో పంపి, గ్లవ్సుల ఖర్చు లెక్కపెట్టిన రోజులు నాకూ ఉన్నాయి. సూది గుచ్చుకొన్నదని చెబితే తిడతారేమోనని దాచుకొనేవాడు, పశువు విషయంలో మాత్రం నిజం చెబుతాడని ఎట్లా ఆశించగలం? మన మనిషి ఒంటిని మనం కాపాడితేనే అతను మన మాటను కాపాడతాడు.

ఆ అమ్మాయికి ఫోను చేసి ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే మొదటి రోజునే ఆ పుస్తకం పెడతాను అంకుల్" అన్నది. పెట్టడం తేలికేనమ్మా, ఎవరైనా అందులో మొదటిసారి రాసిన రోజున మొహం చిట్లించకుండా ఉండటమే కష్టం అన్నాను.

మిత్రులలో ఆఫీసులు నడిపేవారు, బడులు నడిపేవారు ఉన్నారు. మీ దగ్గర పనిచేసేవారు చివరిసారిగా తమంతట తాము వచ్చి తప్పు చెప్పుకొన్నది ఎప్పుడు? చాలా కాలమైందంటే, తప్పులు జరగడం లేదని మాత్రం అనుకోకండి.