గొంతు చాటున స్వరకర్త

ఏటా జూన్ 4న, గాయకుడు బాలసుబ్రహ్మణ్యం పుట్టినరోజున, నెల్లూరు తన బాలును తలుచుకుంటుంది. వేదికెక్కిన పిల్లలు మహదేవన్ బాణీలు, చక్రవర్తి బాణీలు, ఇళయరాజా బాణీలు పాడతారు. బాలు తానే కట్టిన బాణీ ఒక్కటి పాడమంటే మాత్రం చాలామంది తడుముకుంటారు. అంత గొప్ప గొంతు చాటున ఆయనలోని స్వరకర్త కనపడకుండా పోయాడు.

ఆయన శాస్త్రీయంగా సంగీతం నేర్చుకోలేదని అందరం చెప్పుకుంటాం. హరిదాసు ఇంట్లో పెరిగిన సంగతి అంతగా చెప్పుకోం. తండ్రి సాంబమూర్తి గారు హరికథకులు. ఆయన్ని చూసే బాలు హార్మోనియం పట్టారు. హరికథలో రాగం కథ వెంట నడవాలి. సందర్భం మారితే బాణీ మారాలి, గజ్జె మారాలి. సినిమా సంగీతానికి ఇంతకంటే మంచి బడి ఏముంటుంది? 1966లో తనతో తొలి సినిమా పాట పాడించిన కోదండపాణి గారి దగ్గర ఆ చదువు కొనసాగింది. తన రికార్డింగ్ థియేటర్‌కు బాలు పెట్టుకున్నది ఆ గురువు పేరే.

1977లో దాసరి 'కన్యాకుమారి'తో సంగీత దర్శకుడయ్యారు. తర్వాత బాపు 'తూర్పు వెళ్లే రైలు', అమెరికాలో తీసిన జంధ్యాల 'పడమటి సంధ్యారాగం', తమిళంలో 'సిగరం'. వీటిలో 'మయూరి' ప్రత్యేకం. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావుదీ నెల్లూరు జిల్లాయే. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూర్ కాలుతో మళ్లీ గజ్జె కట్టిన సుధాచంద్రన్ కథ అది. అక్కడ పాట గొంతు చెప్పినట్టు కాక, పాదం చెప్పినట్టు వినాలి. పాటగాడు సంగీతం కడుతున్నప్పుడు ఈ అణకువ అంత తేలిక కాదు. హరిదాసు కొడుక్కి మాత్రం గజ్జె మాట వినడం పుట్టుకతో వచ్చిన విద్య. 'మయూరి' ఆయనకు ఉత్తమ సంగీత దర్శకుడిగా నంది తెచ్చింది.

నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తన ఇంటిని 2020 ఫిబ్రవరిలో వేదపాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించారు. ఆ సెప్టెంబరు 25న వెళ్లిపోయారు. ఇల్లు ఆయనే ఒక చేతిలో పెట్టారు. బాణీలను చేతిలోకి తీసుకోవలసింది మనం. వచ్చే జూన్ 4న ఒక్క సాయంత్రమైనా ఆహ్వానపత్రిక మీద 'సంగీతం' అన్న మాట పక్కన ఆయన పేరు అచ్చువేద్దాం. పాడే వంతు ఆ పూటకు మన పిల్లలది.