గొరిల్లా సుఖంగా ఉన్నదా?

జంతు ప్రదర్శనశాలలోని గొరిల్లా ఆరోగ్యంగా ఉన్నదా అని అడిగితే, వైద్యుడు దాని బరువు తూచి, రక్తం పరీక్షించి సమాధానం చెప్పగలడు. అది సుఖంగా ఉన్నదా అని అడిగితే ఆ లెక్కలు చాలవు. నోరు లేని ప్రాణి తన స్థితిని నడవడితోనే తెలుపుతుంది. దానిని గమనించే పని జంతు ప్రదర్శనశాలలలో వైద్యంతో సమానంగా సాగాలి.

ఇందుకు ఒక పద్ధతి ఉంది. పరిశీలకుడు గడియారం, కాగితం దగ్గర పెట్టుకొని, నిమిషానికొకసారి గొరిల్లా ఏమి చేస్తున్నదో రాసుకుంటాడు. తింటున్నదా, తిరుగుతున్నదా, తోటి గొరిల్లా పక్కన చేరిందా? ఒక్కపూట చూస్తే ఏమీ తేలదు. జనం ఉన్న వేళా లేని వేళా, వారాల తరబడి చూడాలి. ఊరకే కూర్చున్నంత మాత్రాన దిగులు పడిందనుకోరాదు. అడవిలోని గొరిల్లాలు కూడా తిండి తరువాత చాలాసేపు విశ్రమిస్తాయి. కాని తిన్నదానిని చేతిలోకి కక్కుకొని మళ్లీ తినడం, తన వెంట్రుకలు తానే పీక్కోవడం వంటివి పదేపదే కనబడితే ఏదో లోటున్నదని అనుమానించాలి. చూడవచ్చినవారు వీటికి నవ్వుతారు. అడవిలో గొరిల్లా పగలు చాలా భాగం ఆకులు, కాడలు, పండ్లు వెతుక్కుంటూ గడుపుతుంది. తయారైన తిండి ముందు పెడితే ఆ పని పోతుంది. ఆకులు, కొమ్మలు ఎక్కువగా ఇచ్చినచోట కక్కుకొని తినే అలవాటు తగ్గినట్లు పరిశీలకులు గమనించారు.

అన్నిటికన్నా పెద్ద లోటు తోడు లేకపోవడం. అమెరికాలోని అట్లాంటా నగరానికి 1961లో విల్లీ బి. అనే గొరిల్లాను పిల్లగా తెచ్చారు. దాదాపు 27 ఏళ్లు అది లోపలి గదిలో ఒంటరిగా గడిపింది. వినోదానికి ఒక టైరు ఊయల, ఒక టెలివిజన్! 1988లో దానిని ఆరుబయటి ఆవరణలోకి వదిలారు. తరువాత తోటి గొరిల్లాలతో కలిపారు. అన్నేళ్ల ఏకాంతం తరువాత కూడా అది వాటితో కలిసిపోయింది. 1994లో తొలిసారి తండ్రి అయింది. 2000లో మరణించేనాటికి దానికి ఐదుగురు పిల్లలు.

మన దేశంలో మైసూరు జంతు ప్రదర్శనశాలకు 1995లో డబ్లిన్ నుండి వచ్చిన పోలో అనే మగ గొరిల్లా 2014లో మరణించింది. జత కోసం అధికారులు ఏళ్ల తరబడి ప్రయత్నించినా, అది ఒంటరిగానే మిగిలిపోయింది. 2021లో అక్కడికి జర్మనీ నుండి రెండు మగ గొరిల్లాలు వచ్చాయి. ఈసారి రెండింటిని తేవడం మెచ్చదగిన నిర్ణయం. అయితే మగవి ఎదిగేకొద్దీ వాటి మధ్య పోట్లాటలు పెరగవచ్చు. ఏది ఎప్పుడు పక్కకు తప్పుకుంటున్నదో, ఏది ముందుగా తిండి అందుకుంటున్నదో మొదట కనిపెట్టగలవాడు రోజూ మేత వేసే సంరక్షకుడే. అతని చేతికి చీపురు, బకెట్టుతోపాటు ఒక నోటు పుస్తకం కూడా ఇవ్వాలి. అందులో రాయడానికి పనివేళల్లోనే అరగంట కేటాయించాలి.