రంగులరాట్నానికి రక్షణ ఏదీ?

గొలుసు కొక్కేలపైనే భారం... బోల్టు ఊడితే ఘోరం
అనంతపురం, తిరుపతి దుర్ఘటనల తరువాతా మారని తీరు

వాల్మీకిపురం: పట్టాభిరామస్వామి బ్రహ్మోత్సవాలు వచ్చాయంటే వాయల్పాడు వీధులు కిటకిటలాడతాయి. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతర, తరిగొండలో నరసింహస్వామి ఉత్సవం... వేడుక ఏదైనా స్వామి దర్శనం ముగిసిందే తడవుగా పిల్లల చూపు పరుగెత్తేది రంగులరాట్నం వైపే. లారీల్లో ఇనుప దూలాలుగా దిగిన యంత్రం రెండు మూడు రోజుల్లో దీపాల తోరణాలతో ఆకాశానికి లేస్తుంది. దాని పక్కనే కొలంబస్ ఓడ, బ్రేక్ డ్యాన్స్, డ్రాగన్ రైలు వెలుస్తాయి. జాతర ముగిసిన మరునాడే అన్నీ విడిపోయి మరో ఊరికి తరలిపోతాయి. ఈ విప్పడం, బిగించడం మధ్య ఏ చీల అరిగింది, ఏ బోల్టు వదులైంది, ఏ గొలుసు తెగడానికి సిద్ధంగా ఉంది అన్నది టిక్కెట్టు కొన్నవారికి తెలియదు. అనుమతి ఇచ్చినవారికీ తెలుస్తుందన్న నమ్మకం లేదు.

కదిరి దాటితే వచ్చే అనంతపురంలో ఈ ప్రశ్నకు 2018 మే 27న ఒక చిన్నారి ప్రాణం బలైంది. వేసవి సెలవుల్లో జూనియర్ కళాశాల మైదానంలో ఏర్పాటైన ప్రదర్శనలో జెయింట్ వీల్ తిరుగుతుండగానే ఒక తొట్టె ఊడిపడింది. పదేళ్ల బాలిక మరణించగా, మరికొందరు గాయాల పాలయ్యారు. బోల్టు వదులైందని అంతకు ముందే హెచ్చరించినా నడిపేవాడు పట్టించుకోలేదని, అతడు మద్యం మత్తులో ఉన్నాడని ప్రత్యక్ష సాక్షులు అప్పట్లో ఆరోపించారు. ఆగ్రహించిన జనం అతడిని చితకబాదారు. ఆ హెచ్చరికలో నిజముంటే, యంత్రాన్ని ఆపడానికి మీట నొక్కడానికి మించి ఏ పరిజ్ఞానమూ అవసరం లేని సమయమది.

ఆరేళ్లు గడిచాక, 2024 నవంబరు తొలివారంలో తిరుపతి శిల్పారామంలో మరో విషాదం. తిరుగుతున్న సవారీ యంత్రం నుంచి ఆసనం ఊడిపోయి ఇద్దరు మహిళలు కిందపడ్డారు. వారిలో ఒకరు కన్నుమూశారు. ఇది రాత్రికి రాత్రి వెలిసిన జాతర కాదు. ఏడాది పొడవునా సందర్శకులు వచ్చే ప్రాంగణం.

పట్టీ చేసే పని ఏమిటి?

తలకిందులుగా చుట్టు తిరిగే రోలర్ కోస్టర్‌లో కూర్చున్నవారు పడిపోకుండా ఆపేది భుజాలపై దిగే కవచమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి వేగంగా చుట్టు తిరిగే క్షణంలో శరీరం ఆసనానికే అదుముకుని ఉంటుంది. నీళ్లున్న చెంబును తాడుకు కట్టి గిరగిరా తిప్పితే చుక్క ఒలకదు... ఇదీ అంతే. అసలు ప్రమాదం గుట్ట ఎక్కి దిగే చోట పొంచి ఉంటుంది. పెట్టె శిఖరం దాటి కిందికి వంగినా శరీరం మాత్రం వచ్చిన దారిన ముందుకే సాగాలని చూస్తుంది. ఆసనం నుంచి పైకి తేలినట్లు కలిగే ఆ అనుభూతి కోసమే జనం డబ్బు పెట్టి ఎక్కుతారు. అక్కడ మనిషిని పట్టి ఉంచేది తొడలపై బిగిసే కడ్డీ ఒక్కటే.

వేగం తగ్గినా, యంత్రం ఆగిపోయినా కూడా కవచమే దిక్కు. 2025 జనవరిలో హైదరాబాద్ నాంపల్లి నుమాయిష్‌లో ఒక సవారీ సాంకేతిక లోపంతో గాలిలోనే నిలిచిపోయింది. ఎక్కినవారు సుమారు అరగంట పాటు తలకిందులుగా వేలాడారు. కింద ఉన్న కుటుంబ సభ్యుల గుండెలు అరచేతిలోకి వచ్చాయి. అయినా ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. యంత్రం మొరాయించినా భుజాల కవచం వదలకపోవడమే అందుకు కారణం. చక్కగా రూపొందిన తాళంలో స్ప్రింగు ఎల్లప్పుడూ బిగించే వైపే పనిచేస్తుంది. విప్పడానికే శక్తి కావాలి, బిగిసి ఉండటానికి అక్కర్లేదు. కరెంటు పోతే తాళం ఊడటం కాదు, ఇంకా గట్టిగా నిలబడాలి. రోలర్ కోస్టర్ బ్రేకులకూ ఇదే సూత్రం. రైలు గుట్ట ఎక్కుతున్నప్పుడు వినిపించే 'టకటక' శబ్దం కూడా అలంకారం కాదు. లాగే గొలుసు తెగినా రైలు వెనక్కి జారకుండా మెట్టు మెట్టుకూ పడే ఇనుప గోరు చేసే చప్పుడది. 1972 మే 30న లండన్‌లోని బ్యాటర్‌సీ ఉద్యానంలో లాగే తాడు విడిపోయినపుడు ఈ ఏర్పాటు పనిచేయక రైలు వెనక్కి దొర్లింది. ఐదుగురు పిల్లలు మరణించారు.

పచ్చదీపం వెలిగినా...

కవచం ఉండటం వేరు, ఎక్కిన మనిషికి సరిపోవడం వేరు. 2022 మార్చి 24న అమెరికాలోని ఆర్లాండోలో 430 అడుగుల ఎత్తయిన ఫ్రీ ఫాల్ స్తంభం నుంచి 14 ఏళ్ల బాలుడు జారిపడి చనిపోయాడు. ఆ యంత్రంలో తాళం బిగిసిందో లేదో చెప్పే సెన్సర్లున్నాయి, దీపాలున్నాయి. అతడి ఆసనానికి దీపం వెలిగింది కూడా. కానీ ఆ సెన్సరును ఎవరో చేత్తో సవరించి, కవచానికీ ఆసనానికీ మధ్య మామూలుగా ఉండాల్సిన సందుకు రెట్టింపు ఉన్నా 'సరే' అనేలా మార్చినట్లు విచారణలో తేలింది. తయారీదారు నిర్ణయించిన బరువు పరిమితి సుమారు 130 కిలోలు కాగా బాలుడి బరువు అంతకంటే చాలా ఎక్కువ. తూచిన వారు లేరు. భుజాల కవచాన్ని ఆసనంతో కలిపే అదనపు బెల్టు ఆ సవారీలో లేదు. ఒక్కో ఆసనానికి దాని ఖరీదు 22 డాలర్లు. మొత్తం 30 ఆసనాలకూ కలిపి 660 డాలర్లు. 2024 డిసెంబరులో న్యాయస్థానంలోని జ్యూరీ తయారీ సంస్థపై విధించిన పరిహారం 31 కోట్ల డాలర్లు!

అంతకు ముందు 2013 జులైలో టెక్సాస్‌లోనూ ఒక మహిళ కోస్టర్ నుంచి కిందపడి మరణించింది. ఒడికడ్డీతో పాటు బెల్టులు కూడా జోడించాకే ఆ సవారీని మళ్లీ తెరిచారు.

ఈ అనుభవాల నుంచే ప్రమాణాలు పుట్టాయి. అమెరికాకు చెందిన ఏఎస్‌టీఎం సంస్థ ఎఫ్2291 ప్రమాణంలో రక్షణ కవచాలను ఐదు తరగతులుగా విభజించింది. నిదానంగా తిరిగే పిల్లల బండికి కవచమే అక్కర్లేదు. తలకిందులు చేసే యంత్రానికి ఐదో తరగతి తప్పనిసరి. అంటే ప్రతి మనిషికీ విడి కవచం ఉండాలి, తాళం రెండంచెలుగా ఉండాలి, ఒకటి విఫలమైనా రెండోది పట్టాలి. తాళం పడలేదని తేలితే యంత్రం కదలనే కూడదు. ఐరోపాకు ఈఎన్ 13814 ఉంది. మన దేశంలోనూ భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 15475 పేరిట వినోద సవారీలకు ప్రమాణాన్ని వెలువరించింది. కాగితం మీద లోటు లేదు.

ఒకే కడ్డీ... ఇద్దరు మనుషులు

మన జాతరల్లో కనిపించే చిత్రం వేరు. తొట్టెలో తండ్రి, తల్లి, మధ్యలో ఇద్దరు పిల్లలు. అందరికీ కలిపి అడ్డంగా ఒకే కడ్డీ. దానికి ఒక కొక్కెం, లేదా ఒక చిన్న గొలుసు. కడ్డీ ఎంత కిందికి దిగాలన్నది తండ్రి తొడలు నిర్ణయిస్తాయి. పక్కనున్న ఆరేళ్ల బిడ్డకు అది గుండెల ఎత్తులో ఉంటుంది. కింద సందు అంతా ఖాళీయే. తొట్టె కుదుపుకు లోనైతే బిడ్డ ఆ సందులోంచి జారిపోవడానికి అడ్డేమీ లేదు. నిదానంగా తిరిగే రాట్నంలో తల్లి చేయి కాపాడవచ్చునేమో గానీ, అదే కడ్డీని కొలంబస్ ఓడకు వాడితే సంగతి మారిపోతుంది. ఓడ కొనన కూర్చున్నవారు ప్రతి ఊపులోనూ ఆసనం నుంచి కాసింత పైకి లేస్తారు. పిల్లలను కొన వరుసలోనే కూర్చోబెట్టమని పట్టుబట్టే తండ్రులకు కొరత లేదు... అక్కడే మజా ఎక్కువని!

ఎత్తు కొలిచే గీత ఉన్నది ఇందుకే. బెంగళూరు శివారు బిడదిలోని వండర్‌లాకు మదనపల్లె, పుంగనూరు బడుల నుంచి విహారయాత్రలకు వెళ్లే పిల్లలకు ఆ గీత పరిచయమే. గీతకు తల అందకపోతే వెనక్కి పంపుతారు. అది వయసుకు సంబంధించిన ఆంక్ష కాదు. కడ్డీ సరిగ్గా తొడల మీద దిగడానికి, భుజాల కవచం మెడకు అడ్డం రాకుండా ఉండటానికి కావలసిన శరీర కొలత. స్థిరంగా ఉండే పార్కులకూ, సంచార యంత్రాలకూ తేడా ఇక్కడే మొదలవుతుంది. అక్కడ ఉదయం తలుపులు తెరవక ముందే ఖాళీ పెట్టెలను తిప్పి చూస్తారు. ఇక్కడ మొదటి టిక్కెట్టు కొన్నవారే పరీక్షకు నిలబడినట్లవుతుంది.

అయితే పార్కులన్నీ నిర్దోషులని కాదు. 2012 సెప్టెంబరులో చెన్నై శివారు పార్కులో ఆక్టోపస్ సవారీ నుంచి పడి ఒక యువతి మరణించింది. 2016 మేలో అదే నగరంలోని కిష్కింతలో ప్రయోగాత్మకంగా తిప్పిన యంత్రం కూలి ఒక ఉద్యోగి చనిపోయాడు, పలువురు గాయపడ్డారు. ఇసుక బస్తాలతో చేయాల్సిన పరీక్షను మనుషులతో చేయడం అక్కడి ఘోరం. 2019 జులై 14న అహ్మదాబాద్ కాంకరియాలో ఊగే యంత్రం నడిమి స్తంభమే విరిగి ఇద్దరు మృతి చెందారు. సుమారు ముప్పై మంది గాయపడ్డారు. అక్కడ పట్టీలు బిగిసే ఉన్నా ఫలితం లేదు. పట్టీ మనిషిని యంత్రానికి కడుతుంది, యంత్రమే కూలితే మనిషీ కూలుతాడు. 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ కాపస్‌హేడాలోని పార్కులో రోలర్ కోస్టర్ నుంచి పడి 24 ఏళ్ల యువతి మరణించింది.

కేసు తరువాత... తనిఖీ ముందు?

ఢిల్లీ ఘటనలో పోలీసులు భారతీయ న్యాయ సంహితలోని 106, 289 సెక్షన్ల కింద కేసు నమోదు చేశారు. మొదటిది నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడం, రెండోది యంత్రాల నిర్వహణలో నిర్లక్ష్యం. ప్రాణం పోయాక పనికివచ్చే సెక్షన్లు మన వద్ద ఉన్నాయి. పోకముందు యంత్రాన్ని ఆపే కేంద్ర చట్టం మాత్రం లేదు. రాష్ట్రాలు ఎవరికి తోచిన రీతిలో వారు నెట్టుకొస్తున్నాయి. రాజ్‌కోట్ గేమ్ జోన్‌లో 2024 మే 25న చెలరేగిన మంటల్లో 27 మంది ఆహుతయ్యాకే గుజరాత్ వినోద సవారీలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది.

ఊరూరా జరిగేది అందరూ ఎరిగిన తంతే. నిర్వాహకుడు అర్జీ పెడతాడు. పోలీసులు రద్దీని, అగ్నిమాపక సిబ్బంది నీటి సదుపాయాన్ని, విద్యుత్ సిబ్బంది తీగలను చూస్తారు. స్థలం అద్దె పంచాయతీకో, పురపాలికకో చేరుతుంది. ఎవరి పని వారు చేసినట్లే. ఇరుసు అరిగిందా, చీలకు పగులు పట్టిందా, తొట్టెను వేలాడదీసే బోల్టుకు చీల పిన్ను ఉందా అని చూడాల్సిన యాంత్రిక నిపుణుడి సంతకమే ఆ దస్త్రంలో ఉండదు, ఉన్నా ఏ ఊరిలోనో ఎప్పుడో తీసుకున్న పత్రానికి నకలు. విప్పి బిగించిన ప్రతిసారీ యంత్రం కొత్తదేనన్న స్పృహ లేకపోతే ఆ నకలుకు విలువ లేదు. ఇనుములో పగులు పైకి కనిపించదు. రంగు వేసిన దూలం కింద నెలల తరబడి పాకి, ఒక్క ఊపులో బయటపడుతుంది. బాడుగకు తిరిగే ఆటోకు సామర్థ్య పత్రం లేకుంటే రోడ్డుపైనే ఆపుతారు. నలభై మందిని గాలిలోకి లేపే చక్రానికి ఆపాటి అడ్డంకి కూడా లేదు.

నడిపే కుర్రాడి సంగతీ తలచుకోవాలి. జాతర రద్దీలో ఒక్కో విడతకు ఎంత తక్కువ సమయం పడితే యజమానికి అంత రాబడి. ప్రతి కొక్కేన్నీ చేత్తో లాగి చూడటానికి పట్టే రెండు నిమిషాలే మొదట కోతకు గురవుతాయి. తెల్లవారుజాము దాకా నిలబడే ఆ కుర్రాడికి మార్పిడి మనిషి ఉండడు. మీట అతడి చేతిలో ఉన్నా, ఆపాలన్న నిర్ణయం అతడి చేతిలో ఉండదు.

మదనపల్లెలో ఇంజినీరింగ్ కళాశాలలున్నాయి, అందులో యాంత్రిక విభాగాల అధ్యాపకులున్నారు. ఆర్టీసీ డిపోలో ఇరుసులను, బోల్టులను రోజూ పరీక్షించే మెకానిక్కులున్నారు. జాతరకు ముందు రోజు వారిలో ఒకరిని మైదానానికి పిలిపించి, ప్రతి తొట్టెలో ఇసుక బస్తాలు పెట్టి ఒక పూట తిప్పించి, ఆ తరువాతే టిక్కెట్లు అమ్మాలని షరతు పెట్టవచ్చు. బరువు పరిమితిని, ఎత్తు గీతను తెలుగులో బోర్డు మీద రాయించవచ్చు. తొట్టెకు ఎంతమందో అంకె వేయించవచ్చు. అనుమతి పత్రంలో ఈ మూడు వాక్యాలు చేర్చడానికి ఢిల్లీ నుంచి చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు.