టానిన్ అనే మాట లందలోంచి వచ్చింది

మన ఊళ్లలో 'వైన్స్' అని బోర్డు పెట్టిన షాపుకి వెళ్లి వైన్ అడిగి చూడండి. విస్కీ ఉంటుంది, బ్రాందీ ఉంటుంది, బీరు ఉంటుంది. పై అరలో దుమ్ము పట్టిన వైన్ సీసా ఒకటో రెండో ఉంటే గొప్ప. బోర్డు మీద మాట ఒకటి, లోపల సరుకు ఇంకొకటి. ఈ భాగంలో మాట్లాడాలనుకున్నది తాగుడు గురించి కాదు. వైన్‌ని వర్ణించే భాష గురించి. ఆ భాషలో మన వాడ ఎక్కడ దాక్కుని ఉందో దాని గురించి.

ఇటలీలో బరోలో అనే రెడ్ వైన్ ఉంది. ఏళ్ల తరబడి నిలవ పెట్టి తాగుతారు. రుచి చూసేవాళ్లు దాన్ని మెచ్చుకోడానికి ఎప్పుడూ వాడే జంట మాట 'తారు, గులాబీ'. అవును, రోడ్డు మీద పోసే తారే. వయసు మళ్లిన రెడ్ వైన్లకు ఇచ్చే కితాబులు ఇంకా చూడండి: తోలు వాసన, పొగాకు వాసన, కుళ్లిన ఆకుల అడవినేల వాసన. కొన్ని పాత ఫ్రెంచి వైన్లలో గొడ్లకొట్టం వాసన, గుర్రపు జీను వాసన వస్తుందని మురిసిపోతారు. ముదిరిన రీస్లింగ్‌లో పెట్రోలు వాసన వస్తే అది గొప్ప లక్షణం. సోవిన్యాన్ బ్లాంక్‌లో పిల్లి ఉచ్చ వాసన వస్తుందని పెద్ద పెద్ద విమర్శకులు నవ్వకుండా రాస్తారు.

తోలు, పేడ, తారు, పొగాకు. ఈ నాలుగు పనులూ మన దేశంలో ఎవరి చేతులకు అంటుకుని ఉన్నాయి?

గొడ్లకొట్టం వాసనకు కెమిస్ట్రీ కూడా ఉంది. బ్రెట్టనోమైసిస్ అనే ఈస్టు పులిసే ద్రవంలో చేరి 4-ఇథైల్‌ఫినాల్ అనే పదార్థాన్ని పుట్టిస్తుంది. అది కాస్త ఉంటే వైన్ 'సంక్లిష్టం' అంటారు. మోతాదు మించితే 'దోషం' అంటారు. మధ్యలో గీత ఎక్కడన్నది వాళ్లలో వాళ్లకే పడదు. కొన్నిసార్లు సీసా మీద పేరు ఆ గీతని జరుపుతుంది. పేరున్న ఎస్టేట్ అయితే అదే వాసన 'ఆ నేల స్వభావం'. పేరు లేనివాడిదైతే 'సెల్లార్ శుభ్రం లేదు'. కులం ఎట్లా పనిచేస్తుందో తెలిసినవాళ్లకు ఇది వింతగా ఉండదు.

ఇక టానిన్. రెడ్ వైన్ గురించి నాలుగు ముక్కలు మాట్లాడితే అందులో ఒకటి టానిన్ అయి ఉంటుంది. నాలుకని, చిగుళ్లని పట్టేసి నోరు ఎండినట్టు చేసే గుణం అది. ఫ్రెంచిలో 'తాన్' అంటే తోలు ఊనడానికి దంచిన ఓక్ చెక్క. ఆ తాన్ నుంచే టానిన్. మనవాళ్లు లందలో తంగేడు చెక్క వేసి తోలు ఊనేవాళ్లు. అదే పని, అదే పదార్థం. చెక్కలోని టానిన్ తోలులోని ప్రొటీన్‌ని పట్టుకుని, తోలు కుళ్లకుండా గట్టిపరుస్తుంది. వైన్‌లోని టానిన్ నోట్లో లాలాజలంలోని ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. అంటే, క్రిస్టల్ గ్లాసు పట్టుకుని 'టానిన్స్ బాగా మెత్తబడ్డాయి' అంటున్న పెద్దమనిషి నోట్లో ఆ క్షణంలో జరుగుతున్నది చిన్నపాటి లంద పని. తంగేడుని తెలంగాణ రాష్ట్ర పుష్పం చేసుకున్నాం, సంతోషం. ఆ చెట్టు చెక్క ఒలిచిన చేతుల గురించి మాత్రం పూల పండగల ఉపన్యాసాల్లో ఎవరూ ఎత్తరు. కరక్కాయ కూడా అంతే. తోలు ఊనడానికని మన అడవుల్లోంచి ఇంగ్లండుకి ఓడల్లో ఎగుమతి అయింది.

ఆ నోరెండే రుచికి ఇంగ్లిషులో నలుగురూ వాడే ఇంటిమాట లేదు, పుస్తకాల మాట ఉంది. మనకి 'వగరు' ఉంది. జామపిందె కొరికిన పిల్లాడు కూడా అనే మాట. దీన్ని గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

సాహిత్యం చదివేవాళ్లకి ఇక్కడ ఒక పాత పరిచయం ఎదురవుతుంది. మన అలంకార శాస్త్రం కవిత్వాన్ని మూడు పాకాలుగా కొలిచింది: ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం. నోట్లో వేసుకోగానే రసం ఊరేది ద్రాక్ష. రుచి చూసేవాడికి రసికుడని, సహృదయుడని బిరుదులు. ఆ తోటలో నీళ్లు పెట్టినవాడి ఊసు ఏ లక్షణ గ్రంథంలోనూ ఉండదు. దళిత కవిత్వం వచ్చినప్పుడు ఈ సహృదయులకి ముక్కుపుటాలు అదిరాయి. 'మోటు' అన్నారు, 'పచ్చి' అన్నారు, 'పాకం పడలేదు' అన్నారు. పుస్తకంలోంచి తోలు వాసన వస్తే మూసేసినవాళ్లే, సీసాలోంచి వస్తే కళ్లు మూసుకుని ఆస్వాదిస్తారు.

'మోటు' అన్న మాట మీద ఇంకో కథ ఉంది, అది జార్జియాది. కాకసస్ పర్వతాల దగ్గరి దేశం, అమెరికా రాష్ట్రం కాదు. అక్కడ సుమారు 8000 ఏళ్లుగా ద్రాక్షని పులియబెడుతున్నారని కుండపెంకుల మీద మిగిలిన ఆనవాళ్లు చెబుతున్నాయి. ద్రాక్షరసాన్ని తొక్కలతో సహా నేలలో పాతిన పెద్ద మట్టికుండల్లో పోసి నెలల తరబడి ఉంచుతారు. ఆ కుండ పేరు క్వెవ్రి. తెల్లద్రాక్షే అయినా తొక్కతో నానడం వల్ల రంగు తేనెలా మారుతుంది, వగరు వస్తుంది. పల్లె రైతులు ఇళ్లలో చేసుకున్నంత కాలం వైన్ లోకం దాన్ని నాటు సరుకుగానే చూసింది. ఇటలీలో యోష్కో గ్రావ్నర్ అనే పేరున్న తయారీదారు 2001 పంట నుంచి అదే కుండల్లో చేయడం మొదలుపెట్టాడు. 2004లో ఒక బ్రిటిష్ వ్యాపారి దానికి 'ఆరెంజ్ వైన్' అని పేరు పెట్టాడు. ఇప్పుడది ఖరీదైన రెస్టారెంట్ల మెనూలో ఉంది. జార్జియావాళ్లు 'అంబర్' అని పిలుచుకునేదానికి ప్రపంచంలో చెల్లుబాటు అయిన పేరు మాత్రం లండన్ వాడిది. జార్జియా రైతు దళితుడు కాడు, పోలిక అంతవరకే. కానీ చేసినవాడి చేతిలో మోటుగా ఉన్నది పేరు పెట్టినవాడి చేతిలో నాజూకు ఎట్లా అయిందో చూడండి.

"ఇదంతా శాస్త్రం కదా, శిక్షణ పొందిన ముక్కులు కదా" అనేవాళ్లకి ఒక ప్రయోగం చెప్పాలి. బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ శాస్త్రం చదివే 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్రరంగు కలిపి ఇచ్చారు. ముక్కుతో చూసి, రెడ్ వైన్‌కి వాడే మాటలతో దాన్ని వర్ణించారు. 2001లో అచ్చయిన పరిశోధన అది. నైపుణ్యం అబద్ధమని దానర్థం కాదు. కళ్లు ముందే తీర్పు చెబితే ముక్కు సంతకం పెడుతుందని అర్థం. పేరు, ఊరు, ఇంటిపేరు అడిగాక మన పిల్లల ఒంటి మీద వాసన కనిపెట్టే హాస్టల్ రూమ్మేట్ల ముక్కులు కూడా ఇట్లాగే పనిచేస్తాయి.

హోటల్ మేనేజ్‌మెంట్ చదివే ఒక పూర్వ విద్యార్థిని ఆ మధ్య మెసేజ్ పెట్టింది. "సార్, బ్లాక్‌కరెంట్ వాసన ఎట్లుంటది? గూస్‌బెర్రీ అంటే ఉసిరికాయేనా? ట్రఫుల్ ఎన్నడు చూడలె. రేపు టేస్టింగ్ పరీక్ష." గూస్‌బెర్రీ మన ఉసిరి కాదు, అది వేరే కాయ, డిక్షనరీలు రెంటినీ కలిపేశాయి. ఆ పిల్ల తల్లి సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. ఏ గంపలో సరుకు సరిగ్గా ఎండలేదో ఆ పిల్ల గోనెపట్టా తీయకుండానే చెప్పగలదు. అంత ముక్కు ఉన్న పిల్ల, తనకి ముక్కే లేదని భయపడుతోంది. చూడని పండ్ల పేర్లు బట్టీ పడుతోంది. రీస్లింగ్‌కి కిరసనాయిలు దీపం చాలు. పాత రెడ్‌కి చుట్టకాయ, వానకి తడిసిన ఆకులు, కొత్తచెప్పు. ఆరెంజ్ వైన్‌కి టీ డికాక్షన్, ఎండురేగుపళ్లు, వగరు. పరీక్షకి వాళ్ల మాటలు రాయి, ముక్కుకి మాత్రం నీ మాటలు నేర్పుకో అని చెప్పాను.

వైన్ లోకంలోనే దీనికి దారి ఉంది కూడా. 1980లలో కాలిఫోర్నియాలో ఆన్ నోబుల్ అనే శాస్త్రవేత్త 'వాసనల చక్రం' తయారుచేసినప్పుడు 'గంభీరం', 'రాజసం' లాంటి గాలి మాటలు తీసేసి, చేత పట్టుకుని వాసన చూడగలిగే వస్తువుల పేర్లు పెట్టింది. మంచి పని. ఆ చక్రంలో ఉన్నవి ఆమె వంటింటి వస్తువులు. మన వంటింటివి మనం పెట్టుకోవాలి.

"తాగుడికి వర్ణనలు నేర్పుతున్నావా" అని అడిగే మిత్రులకి: లేదు. దూబగుంట ఆడవాళ్ల పోరాటం, 1993 సారా నిషేధం మర్చిపోయి రాయడం లేదు. దక్షిణాఫ్రికా కేప్ ద్రాక్షతోటల్లో నల్లజాతి, మిశ్రజాతి కూలీలకి కూలిలో కొంత చవక వైన్‌గా, రోజులో ఇన్నిసార్లని పోసేవాళ్లు. దాన్ని డాప్ పద్ధతి అంటారు. 1960లలో నిషేధించినా 1990ల దాకా అక్కడక్కడా నడిచింది. తల్లి కడుపులోనే మద్యం సోకి దెబ్బతిన్న పిల్లలు ప్రపంచంలోకెల్లా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో అదొకటి. అదే తోటల మంచి సీసాకి 'ఎండిన మూలికలు, పొగ' అని రాస్తారు. కూలికి పోసిన డబ్బా వైన్ రుచి ఎట్లా ఉండేదో ఎవరూ రాయలేదు. మన సారా ప్యాకెట్ రుచి కూడా ఎవరూ రాయలేదు. వర్ణన ఎవరి గ్లాసు దగ్గర మొదలై ఎవరి గ్లాసు దగ్గర ఆగిపోతుందో అక్కడే లెక్క ఉంది.

కాబట్టి ఈ వారం ఒక పని. ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాసుకోండి: వగరులో ఎన్ని రకాలు, పులుపులో ఎన్ని రకాలు, లంద ఏ రోజుకి ఏ వాసన వేసేది, పొద్దున దింపిన ఈతకల్లుకీ సాయంత్రం కల్లుకీ తేడా ఏ మాటతో చెబుతారు. మాట ఎవరు చెప్పారో, వాళ్ల పనేమిటో పక్కన రాయండి. నాకు పంపండి, వచ్చే భాగం వాటితోనే.

జై భీమ్.