కాగితం తినే ఎర్రలు

2001లో గనులు మూసేసినా కేజీఎఫ్‌లో సైనైడ్ దిబ్బల దుమ్ము పోలేదు. ఆ మట్టిలో పెరిగిన కూర మనవళ్లకు పెట్టను మనసొప్పలేదు. ఊరినుంచి ఎర్రమన్ను తెచ్చి కుండీల్లో పెంచుతా, ఎరువు నేనే చేసుకుంటా.

చిల్లులున్న బకెట్లో పాత న్యూస్‌పేపరు, అట్టముక్కలు చింపి తడపాలి. పిండితే రెండు చుక్కలు రాలాలి, అంతే. పైన మాగిన పేడ, కూరగాయల తొక్కులు వేసి ఎర్రలను వదలాలి. మొదట్లో నేను పచ్చిపేడ ఏసినా. వేడికి అన్నీ చచ్చిపోయినాయి. మెరుపు కాగితం, ఉప్పు, నూనె వద్దు. నీడలో పెట్టి గోనెసంచి కప్పండి. రెండు మూడు నెలలకు టీపొడి మాదిరి ఎరువు వస్తాది.

చేలో తవ్విన ఎర్రలు దీనికి పనికిరావు. ఏవి కావాలో టమక కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.

మిల్లులో రాలిన దూది కూడా ఊడ్చి మళ్లీ వాడినోళ్లం. కాగితం ఎందుకు కాల్చాలి?