బావి గట్టున వేచి ఉన్నవారు

దివ్య ఖుర్ఆన్‌లోని 28వ సూరా అల్ ఖసస్‌లో ఒక బావి ప్రస్తావన వస్తుంది. ఫిరౌన్ మనుషుల బారి నుండి తప్పించుకుని, పరాయి దేశానికి ఒంటరిగా బయలుదేరిన హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మద్‌యన్ బావి దగ్గరకు చేరుకుంటారు. అక్కడ జనం గుంపుగా చేరి తమ పశువులకు నీళ్లు పెడుతున్నారు. ఇద్దరు స్త్రీలు మాత్రం తమ మందను అడ్డగించి పట్టుకుని ఒక పక్కన నిలబడి ఉన్నారు. మీ సంగతేమిటని ఆయన వారిని అడుగుతారు. కాపరులందరూ తమ పశువులను తోలుకుపోయేదాకా తాము నీళ్లు పెట్టుకోలేమని, తమ తండ్రి బాగా వృద్ధుడని వారు చెబుతారు. ఆయన వారి మందకు నీళ్లు పెట్టి, మౌనంగా నీడకు చేరి, తన అవసరాన్ని తన ప్రభువుకు విన్నవించుకుంటారు.

ఈ సంఘటనను మనం సాధారణంగా ఒక ప్రవక్త దయాగుణానికి నిదర్శనంగా చదువుకుంటాం. అది నిజమే. కానీ ఆ బావి గట్టు ఒక పనిచోటు కూడా. అక్కడ ఆ స్త్రీలను ఎవరో తిట్టారని గానీ, తరిమేశారని గానీ ఖుర్ఆన్ చెప్పలేదు. బలమున్నవారు ముందు, లేనివారు తరువాత అన్నది అక్కడి అలవాటు. అలవాటుగా మారిపోయిన అన్యాయం దాన్ని చేసేవారి కంటికి ఆనదు. రోజూ అదే బావికి వచ్చే కాపరులకు కనిపించని విషయం, అలసిపోయి అప్పుడే వచ్చిన ఒక బాటసారికి కనిపించింది. ఆయన మూడు పనులు చేశారు: పక్కన నిలబడినవారిని చూశారు, కారణం అడిగారు, చేయగలిగింది చేశారు. పనిచోట మనం అలవరచుకోవలసిన నీతి అంతా ఈ మూడింటిలోనే ఉంది.

ఇటువంటి బావి గట్టు మన కాలంలోనూ ఉంది. కేరళలోని కోళికోడ్ నగరం బట్టల వ్యాపారానికి పేరుపొందింది. అక్కడి దుకాణాలలో పనిచేసే స్త్రీలు ఉదయం నుండి రాత్రి దాకా నిలబడే ఉండవలసి వచ్చేది. గిరాకీ లేని వేళల్లో సైతం కూర్చోవడానికి అనుమతి లేదు. కొన్ని చోట్ల మరుగుదొడ్డి కూడా లేకపోవడంతో దాహం వేసినా నీళ్లు తాగకుండా ఓర్చుకునేవారు. కాళ్ల వాపులు, నరాల ఉబ్బులు, మూత్ర సంబంధ వ్యాధులు వారి జీవితంలో భాగమైపోయాయి. దర్జీ పని చేసుకునే విజి అనే మహిళ వీరిని కూడగట్టి ‘పెణ్‌కూట్టు’ అనే సంఘాన్ని నిర్మించారు. ఏళ్ల తరబడి వారు అడిగింది పెద్ద సంపద కాదు, కూర్చునే హక్కు. చివరకు 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి, పనివారికి కూర్చునే సదుపాయం కల్పించడాన్ని తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు కూడా అదే బాట పట్టింది.

ఒక స్టూలు వేయడానికి శాసనసభ చట్టం చేయవలసి రావడం ఆలోచించదగిన విషయం. ఆ యజమానులందరూ క్రూరులని అనుకోనక్కరలేదు. వారిలో దానధర్మాలు చేసేవారు, ఆరాధనలలో శ్రద్ధ గలవారు ఉండే ఉంటారు. పనివాడు నిలబడి ఉంటేనే కొనేవారికి మర్యాద చూపినట్లని, కూర్చుంటే బద్ధకమని ఒక ఆనవాయితీ ఏర్పడిపోయింది. మీ సంగతేమిటని ఆ స్త్రీలను అడిగినవారు లేకపోయారు.

ఇప్పుడు మన బజార్లను చూద్దాం. రంజాన్ చివరి పది రోజుల్లో హైదరాబాద్‌లోని పత్తర్‌గట్టి, లాడ్ బజార్ ప్రాంతాలు రాత్రంతా మేలుకొనే ఉంటాయి. చిన్న పట్టణాలలో కూడా బట్టల దుకాణాలు, చెప్పుల దుకాణాలు పొద్దుపోయేదాకా కిటకిటలాడతాయి. మనం ఇఫ్తార్ ముగించుకుని కుటుంబంతో సహా దుకాణానికి వెళతాం. కౌంటరు వెనుక నిలబడిన యువకుడు కూడా ఉపవాసమే ఉన్నాడు. అతనికి ఖర్జూరంతో ఉపవాసం విరమించే వ్యవధి దొరికిందా? తరావీహ్ సంగతి అటుంచి, మగ్రిబ్ నమాజుకైనా వీలు చిక్కిందా? పది జతలు విప్పించి, ఏదీ కొనకుండా లేచిపోతున్నప్పుడు అతనితో మనం ఒక మంచి మాటైనా అన్నామా? యజమాని బాధ్యత పెద్దదే. కానీ కొనుగోలుదారు కూడా ఆ పనిచోటులో భాగస్వామి. మన తొందర, మన విసుగు నేరుగా వెళ్లి పడేది ఆ దుకాణంలో అందరికన్నా తక్కువ జీతం తీసుకునే మనిషి మీదనే.

అదే దుకాణంలో ముస్లిమేతర సోదరులు, సోదరీమణులు కూడా పనిచేస్తుంటారు. రంజాన్ పగటి వేళ వారు దొంగచాటుగా అన్నం తినవలసిన పరిస్థితి ఉండకూడదు. ఉపవాసం మన మీద విధి, వారి మీద కాదు. వారికి భోజనానికి ఒక చోటు, ఒక సమయం కేటాయించడం మన ధర్మం. మనకు పండుగ సెలవు ఎంత అవసరమో, వారికి బతుకమ్మకు, సంక్రాంతికి, క్రిస్మస్‌కు సెలవు అంతే అవసరం. మనం ఇతరుల కార్యాలయాలలో జుమా నమాజుకు ఒక గంట అడిగేటప్పుడు ఏ న్యాయాన్ని ఆశిస్తామో, మన చేతి కింద ఉన్నవారికి ఆ న్యాయాన్నే అందించాలి. ఒక జాతి పట్ల ద్వేషం సైతం మిమ్మల్ని న్యాయానికి దూరం చేయరాదని సూరా అల్ మాయిదా 8వ ఆయతు హెచ్చరిస్తోంది. ద్వేషం ఉన్నచోటే న్యాయం తప్పకూడదంటే, మనతో కలిసి పనిచేసేవారి విషయంలో వేరే చెప్పాలా?

పనిచోట అన్యాయం కొన్నిసార్లు నాలుక రూపంలో ఉంటుంది. నల్లగా ఉన్నవాడికి, పొట్టిగా ఉన్నవాడికి, కుంటుతూ నడిచేవాడికి, పల్లెయాసలో మాట్లాడేవాడికి ఒక మారుపేరు తగిలిస్తారు. అతనూ నవ్వుతాడు కనుక అది సరదాయే అనుకుంటారు. జీతం కోసం వచ్చినవాడు నవ్వక ఏం చేస్తాడు? ఎగతాళి చేయడాన్ని, చెడ్డ పేర్లతో పిలవడాన్ని సూరా అల్ హుజురాత్ 11వ ఆయతు స్పష్టంగా నిషేధించింది. హజ్రత్ అబూజర్ (రజి) ఒక వ్యక్తిని అతని తల్లి పేరెత్తి కించపరచినప్పుడు, నీలో ఇంకా అజ్ఞానకాలపు వాసన మిగిలి ఉందని దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆయన్ను మందలించారు. మీ సేవకులు మీ సోదరులని, మీరు తినేదే వారికి తినిపించాలని, మీరు తొడిగేదే వారికి తొడిగించాలని, శక్తికి మించిన పని మోపరాదని, మోపితే స్వయంగా సహాయపడాలని బోధించారు. సహీహ్ బుఖారీలోని ఈ ఉల్లేఖనంలో గమనించవలసిన విషయం మరొకటుంది. ఆ తరువాతి కాలంలో అబూజర్ (రజి)ని కలిసినవారు, ఆయన ఒంటి మీదా, ఆయన సేవకుని ఒంటి మీదా ఒకే రకమైన దుస్తులను చూశారు. ఒక్క మందలింపు ఆయనలో జీవితకాలపు అలవాటుగా మారింది.

పనిచోటు అనగానే మనకు కార్యాలయం, కర్మాగారం గుర్తుకొస్తాయి. మన ఇల్లు కూడా ఒకరికి పనిచోటే. అంట్లు తోమి, ఇల్లు తుడిచే ఆమెకు మన వంటగదిలో వేరే గ్లాసు ఉందా? అలసిపోతే ఆమె కూర్చునేది ఎక్కడ? ఆమె జీతం నెల మొదటి రోజున అందుతోందా, లేక రెండు మూడు సార్లు అడిగించుకున్నాక అందుతోందా? చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) బోధను మన పిల్లలకు నేర్పుతాం. కానీ పిల్లలు నేర్చుకునేది బోధను కాదు. నెల మొదటి వారంలో మన ఇంటి గుమ్మం దగ్గర జరిగేదాన్ని. మరొక ముఖ్య విషయం: పనిచోట స్త్రీల మీద లైంగిక వేధింపులను నిరోధించే 2013 నాటి చట్టం ఇంటి పని చేసే స్త్రీలకు కూడా వర్తిస్తుంది. పదిమంది లేదా అంతకు మించి పనివారు ఉన్న ప్రతి సంస్థ ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీని ఏర్పాటు చేయాలి. అంతకన్నా చిన్న సంస్థలలో, ఇళ్లలో పనిచేసేవారి కోసం జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. ఉద్యోగాలకు వెళ్లే మన ఆడపిల్లలకు ఈ సంగతి తెలియాలి. వారు చెప్పుకోవడానికి వచ్చినప్పుడు ముందుగా వారినే తప్పుపట్టకుండా వినే ఇల్లు ఉండాలి.

మద్‌యన్ గాథ పనివానికి కూడా పాఠం చెబుతుంది. ఆ ఇద్దరిలో ఒకరు, ఈయన్ను పనిలో పెట్టుకోమని తండ్రికి సలహా ఇస్తూ రెండు గుణాలు పేర్కొన్నారు: బలం, నమ్మకం. చేతనైనవాడు నమ్మదగినవాడు కాకపోయినా, నమ్మదగినవాడికి పని చేతకాకపోయినా ఆ కొలువు నిలవదు. జీతానికి అమ్ముకున్న సమయం మన దగ్గర అమానతు. ఆ సమయాన్ని ఫోనులో గడపడం, గల్లా లెక్కలో చిన్న సర్దుబాట్లు చేయడం, సరుకు తెచ్చే వ్యాపారి నుండి చాటుగా కానుకలు తీసుకోవడం, ఇవన్నీ అమానతులో ద్రోహమే. జకాత్ వసూలుకు వెళ్లిన ఒక అధికారి తిరిగివచ్చి, ఇది మీకు, ఇది నాకు కానుకగా వచ్చిందని అన్నప్పుడు, అతను తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని దైవప్రవక్త (స) ప్రశ్నించారు. ఉద్యోగంలో ఉన్న ప్రతి ఒక్కరూ వేసుకోవలసిన ప్రశ్న అది.

ఆ వృద్ధుడు మూసా (అలై)కి తన కుమార్తెనిచ్చి వివాహం చేయడానికి ముందుకు వచ్చినప్పుడు చేసుకున్న ఒప్పందం ఎంత స్పష్టంగా ఉందో చూడండి. కాలపరిమితి ఎనిమిదేళ్లు. పదేళ్లు పూర్తి చేస్తే అది మూసా (అలై) ఇష్టం. తాను ఆయన్ను కష్టపెట్టదలచుకోలేదని వృద్ధుడు ముందే మాట ఇచ్చాడు. ఇద్దరూ ఆ మాటకు అల్లాహ్‌ను సాక్షిగా ఉంచుకున్నారు. మన దుకాణాలలో పనిగంటలు, సెలవులు, జీతం, అడ్వాన్సు కోతలు ఎన్ని చోట్ల ఇంత స్పష్టంగా చెప్పబడుతున్నాయి?

కాబట్టి ఈ నెల ఒక్క పని చేద్దాం. దుకాణం ఉన్నవారు పనివారి కోసం ఒక ఆసనం వేయండి. నమాజుకు, భోజనానికి వేళ నిర్ణయించండి. జీతం మాటలను కాగితం మీద రాసి ఇవ్వండి. ఉద్యోగం చేసేవారు తోటివారిని వారి సొంత పేరుతో పిలవండి. సమావేశంలో మాట పూర్తి చేయలేకపోయిన వ్యక్తిని మళ్లీ మాట్లాడమని కోరండి. ఇంటివారు పని చేసే ఆమెను కూర్చోబెట్టి, మీ సంగతేమిటని అడగండి. జవాబు వినడానికి కాస్త తీరిక చేసుకుని మరీ అడగండి.

బావి గట్టున వేచి ఉన్నవారిని చూడగల కళ్లను, వారిని పలకరించే మనసును, వారి హక్కు వారికి చెల్లించే చేతులను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.