పాసౌట్ అయ్యారా? ఇప్పుడు ఒంట్లో ఎలా ఉంది?

సబ్బవరంలో ఉండే మా పిన్ని కూతురు మొన్న రాత్రి వాట్సాప్‌లో సెల్ఫ్ ఇంట్రో పంపింది. తెల్లారితే ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ప్యానెల్‌లో అమెరికా ఆయన ఒకరుంటారట. రెండో లైన్లోనే ఆగిపోయాను. 'ఐ పాస్‌డ్ అవుట్ ఇన్ 2024.'

"ఇది మార్చు" అన్నాను.

"ఇందులో తప్పేటన్నయ్యా? కాలేజీలో అందరూ ఇలాగే అంటారు కదా!"

నిజమే. నేనూ అన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ విదేశీ క్లయింట్‌కి ఇదే వాక్యం చెబితే, ఆయన కంగారుగా "ఇప్పుడు బాగానే ఉన్నారా?" అని అడిగాడు. కాల్ అయ్యాక డిక్షనరీ చూస్తేగానీ వెలగలేదు. ఆయనకి వినిపించింది 'నేను స్పృహ తప్పి పడిపోయాను' అని!

అలాగని ఇది మనం ఊరికే పుట్టించిన మాట కాదు. సైన్యంలో శిక్షణ ముగించుకుని బయటికి రావడాన్ని బ్రిటన్‌లోనూ 'పాస్ అవుట్' అనే అంటారు. డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో జరిగేది 'పాసింగ్ అవుట్ పరేడ్'. మనం అదే అర్థంలో కాలేజీ చదువుకీ వాడేస్తున్నాం. జాబ్ పోస్టుల్లో '2024 పాసౌట్స్ ఓన్లీ' అని చూస్తూనే ఉంటాం. ఇక్కడ అందరికీ అర్థమవుతుంది. దేశం దాటితేనే చిక్కు.

మా చెల్లి అడిగిన 'తప్పు'నే చూడండి. స్పృహ తప్పితే కింద పడతాం. పరీక్ష తప్పితే సప్లీ రాస్తాం. దారి తప్పితే మ్యాప్స్ తెరుస్తాం. నెల తప్పితే ఇంట్లో స్వీట్లు పంచుతారు. క్రియ ఒక్కటే, పక్కనున్న మాట అర్థం మార్చేస్తుంది. ఇంగ్లీషులో ఆ పని వెనకొచ్చే చిన్న మాట చేస్తుంది. 'పాస్ అవే' అంటే చనిపోవడం. 'పాస్ ఆన్' అంటే విషయాన్ని ఇంకొకరికి చేరవేయడం. 'పాస్ అవుట్' అంటే కాగితాలు పంచడం అని కూడా అర్థముంది.

మరి ఏం చెప్పాలి? డిగ్రీ, బీటెక్ అయితే 'ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2024'. కాలేజీ పేరు చెప్పాలంటే 'ఫ్రమ్' చేర్చండి. సబ్బవరంలోనే ఉన్న లా యూనివర్సిటీలో చదివినవాళ్లు 'ఐ గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్ దామోదరం సంజీవయ్య నేషనల్ లా యూనివర్సిటీ' అనాలి. ఇంటర్‌కి 'ఐ కంప్లీటెడ్ ఇంటర్మీడియట్' చాలు. పరీక్ష గట్టెక్కితే 'ఐ పాస్‌డ్', అంతే. 'అవుట్' అక్కర్లేదు.

అంతా విని "అయితే నాకు ఇంగ్లీష్ రాదన్నమాట" అంది నీరసంగా.

రాకపోవడం కాదమ్మా. అనకాపల్లిలో చెల్లే మాట అమెరికాలో చెల్లలేదు, అంతే. వాళ్లు 'స్పృహ', 'నెల' తేడా తెలియకుండా తెలుగు మాట్లాడితే మనం నవ్వుకుని సరిచేస్తాం గానీ, ఉద్యోగానికి పనికిరారని అనం కదా!

పొద్దున్నే మెసేజ్ వచ్చింది. "లైన్ మార్చేశానన్నయ్యా. కానీ టెన్షన్‌కి నిజంగానే పాస్ అవుట్ అయిపోయేలా ఉన్నాను!"

ఈసారి మార్చమని చెప్పలేదు. కరెక్ట్‌గా వాడింది మరి.